తండ్రికి తీరని పురుడు

డైరీ రాసే అలవాటున్నవాడికి జ్ఞాపకాలు స్పష్టంగా ఉంటాయని అందరూ అనుకుంటారు. నా అనుభవం వేరు. ఒరిస్సాలోని తెరుబలి కర్మాగారం కాలనీలో ఉన్న రోజుల డైరీలు తీసి చూస్తే అన్నీ ఉన్నాయి. వాన పడిందా లేదా, రాయపూర్ వైపు బండి ఎంత ఆలస్యంగా వచ్చింది, ఏ షిఫ్టుకి ఎవరు రాలేదు, అన్నీ. మా పక్క క్వార్టర్లో ఉన్న ఫిట్టర్‌కి వచ్చిన జబ్బేమిటో మాత్రం లేదు. ఒక పేజీలో 'ఒంట్లో బాగోలేదు' అని ఉంది. ఆ తర్వాత 'ఒంట్లో బాగానే ఉందట, మనసు బాగోలేదట' అని ఉంది. ఇంకోచోట 'ఇదంతా పురుడు వల్ల' అని రాసి కొట్టేశాను. అలా ఎందుకు రాశానో, ఎందుకు కొట్టేశానో చెప్పాలంటే డాక్టరమ్మ దగ్గర మొదలుపెట్టాలి.

డెబ్బైల మధ్యలో మాట. అప్పుడు రాయగడ కూడా కోరాపుట్ జిల్లాలోనే ఉండేది. నేను కర్మాగారం టైమాఫీసులో గుమస్తాను. ఒరియా చదవడం, రాయడం వచ్చు కనుక బయటి నుంచి ఎవరొచ్చినా సంక్షేమ విభాగం వాళ్లు నన్ను వెంట పంపేవారు. ఒక ఏడాది వర్షాలు తగ్గుతున్న రోజుల్లో కోస్తా ఒరిస్సాలోని ఒక వైద్య కళాశాల నుంచి డాక్టరమ్మ వచ్చింది. కాన్పుకు ముందూ వెనకా తల్లుల ఒళ్లు ఎలా ఉంటుంది, మనసు ఎలా ఉంటుంది అన్నది ఆవిడ పరిశోధన. రాయగడలో డాక్ బంగళాలో దిగి, కొన్ని రోజులు లక్ష్మీపూర్ వైపు పల్లెలకు, కొన్ని రోజులు మా కాలనీకి వచ్చేలా ఏర్పాటు చేసుకుంది.

పల్లెల్లో ఆవిడకు ఇబ్బంది కలగలేదు. మా కాలనీలోనే వచ్చింది. కాన్పు దగ్గరపడ్డ, కొత్తగా కాన్పయిన తెలుగువాళ్ల క్వార్టర్లు వరసగా చూపిస్తూ వెళ్లాను. ప్రతి తలుపూ మగవాడే తీశాడు. ఒకడి చేతిలో గరిటె ఉంది, ఒకడు లుంగీ ఎగ్గట్టి బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు. మీ భార్య ఎక్కడ అని ఆవిడ హిందీలో అడగడం, పార్వతీపురం అనో, బొబ్బిలి అనో, పాలకొండ అనో వాళ్లు చెప్పడం. నాలుగైదు ఇళ్లయ్యాక ఆవిడ ఆగిపోయింది.

"ఈ కాలనీ ఆడవాళ్లంతా కూడబలుక్కుని అలిగి వెళ్లిపోయారా?"

"అలిగి కాదమ్మా, పురిటికి వెళ్లారు."

"అందరూనా?"

"అందరూ."

ఏడో నెలలో పుట్టింటివాళ్లు వచ్చి తీసుకెళ్తారని, బిడ్డకు మూడో నెలో అయిదో నెలో వచ్చాక పంపుతారని చెప్పాను. అంటే ఆవిడ ఏ నెలల్లో తల్లుల్ని చూడాలనుకుందో సరిగ్గా ఆ నెలల్లో దాదాపు ఏ తల్లీ ఇక్కడ ఉండదు. పుట్టిళ్లేమో వేరే రాష్ట్రంలో ఉన్నాయి. అక్కడికి వెళ్లి అడగడానికి ఆవిడకు అనుమతి లేదు.

"నా తల్లులందరూ సరిహద్దు దాటేశారన్నమాట" అని ఆవిడ ఒక క్వార్టర్ మెట్టు మీద కూర్చుని చాలాసేపు నవ్వింది. తర్వాత అడిగింది: "మరి ఈ మగవాళ్లు? ఇన్ని నెలలు వీళ్లెలా ఉంటారు? ఎవరైనా వీళ్లను అడిగారా?"

ఎవరూ అడగలేదన్నాను. సరే, వీళ్లనే అడుగుదాం అంది. అలా తల్లుల పరిశోధనలోకి తండ్రులు వచ్చారు. వాళ్లకు ఇది వింతగా తోచింది. "కన్నది మా ఆడది. మద్దిన నన్నేటి అడగతాదీవిడ?" అని ఒక క్రేను డ్రైవరు నన్ను నిలదీశాడు.

ఆవిడ శ్రద్ధగా నేర్చుకున్న తెలుగు మాట ఒక్కటే. పురుడు. ఎవరింటికి వెళ్లినా "పురుడు కహాఁ?" అని మొదలుపెట్టేది. పురుడంటే కాన్పు అని ఆవిడకు ఎవరో చెప్పారు. అది తప్పు కాదు. పూర్తిగా ఒప్పూ కాదు. ఆ సంగతి అప్పటికి నాకూ తట్టలేదు.

కాలనీలో తల్లీ, తండ్రీ, పసిబిడ్డా ముగ్గురూ ఉన్న తెలుగు ఇల్లు ఒక్కటే. అది మా పక్క క్వార్టరు. ఫిట్టర్‌ది పార్వతీపురం దగ్గరి పల్లె. ఫర్నేసు విభాగంలో పని. ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాడు, ఆ చలికాలంలో ఉద్యోగం ఖాయం కావాలి. అతని భార్యకు తల్లి లేదు. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. "ఆ ఇంటికాడ మంచినీలు కూడా అడిగి తాగాల. అక్కడికెల్లి పురుడు పోసుకుంటానా" అని ఆ పిల్ల ఇక్కడే ఉండిపోయి, కాలనీ ఆసుపత్రిలోనే ఆడపిల్లను కన్నది. పుట్టింటివాళ్లు చేయాల్సిన చాకిరీ వరసలో ఉన్న ఆడవాళ్లు పంచుకున్నారు. మా ఆవిడ శొంఠి, పిప్పళ్లు, మిరియాలు బెల్లంతో వండి కాయం చేసి ఇచ్చింది.

తల్లికి ఏమీ కాలేదు. రోజురోజుకీ కోలుకుంది, నోరు కూడా పెరిగింది. తేడా వచ్చింది తండ్రికి. డ్యూటీ నుంచి వస్తూనే ఉయ్యాల పక్కన కూర్చునేవాడు. పిల్ల ముక్కు కింద వేలు పెట్టి చూసేవాడు. చేయి తీసి, మళ్లీ పెట్టేవాడు. తిండి సగానికి తగ్గింది, నిద్ర అసలే లేదు. కర్మాగారంలో బోల్టులు బిగించే పానాలు ఎక్కడో పెట్టి మరిచిపోతున్నాడని ఫోర్‌మన్ చెప్పాడు. విశ్వకర్మ పూజ నాడు అందరూ తమ తమ మిషన్లకు బొట్లు పెడుతుంటే ఇతను షెడ్డు బయట నిలబడ్డాడు, లోపలికి రమ్మన్నా రాలేదు. కాలనీలో మగబాలింత అని పేరు పెట్టారు.

గోడ మీది నుంచి మా ఆవిడతో అతని భార్య మాట్లాడుతుంటే వినేవాణ్ని.

"అప్పా, నువ్విచ్చిన కాయంలో నాను తిన్నది సగవే. మిగతాది మా మగబాలింతకి పెడతన్నాను."

"తింతన్నాడేటే అమ్మీ?"

"తింతన్నాడు. గొంతుక మండుతందంతన్నాడు. కన్నాక తప్పుద్దేటి, మింగు అన్నాను."

ఇద్దరూ నవ్వుకునేవారు. నవ్వు అయిపోయాక ఆ పిల్ల మొహం ఎలా ఉండేదో మా ఆవిడే నాకు చెప్పింది. "భయపడతంది. బయటికి రానీదు" అంది.

డాక్టరమ్మ ఆ ఇంటికి వెళ్లిన రోజు నేనూ ఉన్నాను. తల్లితో చాలాసేపు మాట్లాడింది, పిల్లను చూసింది, సంతోషించింది. తర్వాత తండ్రి వైపు తిరిగి ఒంట్లో ఎలా ఉందని హిందీలో అడిగింది. అతను మా కర్మాగారంలో అందరూ మాట్లాడే హిందీలో నెమ్మదిగా అన్నాడు: "మేడమ్, హమారా పురుడు అభీ ఖతం నహీ హువా." మా పురుడు ఇంకా అయిపోలేదని.

ఆవిడ రాయడం ఆపేసింది. మళ్లీ చెప్పమంది. అతను మళ్లీ అదే చెప్పాడు.

బయటికి వచ్చాక ఆవిడ గొంతు తగ్గించింది. "తనకు ఇంకా కాన్పు కాలేదంటున్నాడు. విన్నారు కదా? ఇది తేలిగ్గా తీసుకునే జబ్బు కాదు. విశాఖపట్నం మానసిక వైద్యశాలకు పంపమని మీ కర్మాగారం డాక్టరుకు చీటీ రాస్తాను."

ఆ చీటీ సంక్షేమ విభాగం మీదుగా వెళ్తుంది. సాయంత్రానికి కాలనీ అంతటికీ తెలుస్తుంది. ప్రొబేషన్‌లో ఉన్నవాడి మీద పిచ్చాసుపత్రి మాట ఒకసారి పడితే ఉద్యోగం ఖాయం కావడం కలలో మాట. ఆ సంగతే చెప్పాను.

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. "అతను పనిచేసేది ఫర్నేసు దగ్గర. నిద్ర లేని మనిషి. ఉద్యోగం నిలబెట్టి మనిషిని పోగొట్టుకుంటారా?"

అదీ నిజమే. అప్పుడు నాకు తెలిసిన ఒక్క విషయం చెప్పాను. పురుడంటే కాన్పే కాదమ్మా, బిడ్డ పుట్టాక ఇంటికి పట్టే మైల కూడా. అది తల్లితో పాటు తండ్రికీ ఉంటుంది. ఆ రోజుల్లో దీపం పెట్టకూడదు, గుడికి వెళ్లకూడదు. పదకొండో రోజు స్నానంతో తీరిపోతుంది.

"అంటే తండ్రికీ పురుడు ఉంటుందా?"

"ఉంటుంది."

"అప్పుడతనికి ఒంట్లో ఏం జరుగుతుంది?"

"ఏమీ జరగదు."

"మనసులో?"

"అదీ... ఏమీ ఉండదనుకుంటాను."

"పదకొండో రోజుకి తీరిపోతుందన్నారు. ఈ పిల్లకు రెండు నెలలు దాటాయి. మరి ఇతనికి ఎందుకు తీరలేదు?"

ఆవిడ అడిగింది సబబే. పిచ్చి కాదని చెప్పబోయి నేనే ఇంకో ముడి వేసినట్టయింది. చివరికి ఆవిడ, లక్ష్మీపూర్ వైపు వెళ్లి వచ్చేదాకా చీటీ రాయనని మాట ఇచ్చింది.

ఆ సాయంత్రం అతన్ని పెరట్లోకి పిలిచి కూర్చోబెట్టాను.

"ఏటి తమ్ముడూ, పురుడు తీరనేదని సెప్పేవట?"

"తీర్నేదు కదన్నియ్యా. పదకొండోనాడు ఆడోలందరొచ్చి దానికీ పిల్లకీ నీలోసేరు. నాను డ్యూటీలో ఉన్నాను, ఫర్నేసు ఆగిపోనాది, ఇంటికి ఒగ్గనేదు. నాకెవులు పోసేరు?"

"నువ్వే పోసుకోవచ్చు కదా."

"రోజూ పోసుకుంతన్నాను. అది తానం. అయి పురుడు నీలేటి?"

మామూలుగా అయితే ఈ చిక్కు రాదు. బిడ్డ అక్కడెక్కడో పుడుతుంది, తండ్రికి కార్డు వస్తుంది, చదివి తలస్నానం చేస్తాడు, మిగతాది అత్తవారింట్లో పెద్దవాళ్లు చూసుకుంటారు. ఇక్కడ అడగడానికి పెద్దవాళ్లు ఎవరూ లేరు. కాలనీలో చాకలి ఉన్నాడు గానీ అతను ఒరియావాడు. మన మైల బట్టల పద్ధతి అతనికేం తెలుసు? నాకే సరిగ్గా తెలియదు.

రాయగడలో కిరాణా టోకు వ్యాపారం చేసే తెలుగు షావుకారు ఇంట్లో ఒక ముసలమ్మ ఇలాంటి విషయాలు చెబుతుందని విన్నాను. సెలవు రోజున ప్యాసింజర్ బండెక్కి అతన్ని తీసుకెళ్లాను. దుకాణం వెనక వసారాలో ఆవిడ చింతపండు గింజలు తీస్తోంది. ఆవిడ ఆడపడుచు, ఆవిడా అంతే వయసుది, పక్కన కూర్చుని ఉంది. విషయం చెప్పాను.

"పదకొండోనాడు పొద్దెక్కితే పురుడు ఎల్లిపోద్ది. నీలోసినా పొయ్యకపోయినా అది ఉంతాదేటి?" అంది ముసలమ్మ.

"ఎలా ఎల్లిపోద్దొదినా?" అంది ఆడపడుచు. "నీలోస్తేనే ఎల్తాది. నేకపోతే ఆ మనిసి తోటే తిరుగుద్ది."

"తిరగడానికి అదేటి కుక్కపిల్లా?"

"మీ ఆయనికి పొయ్యనేదు. అందుకే ఆ ఏడాదంతా దుకానం నడవనేదు."

"దుకానం నడవంది మీ అన్న పేకాట వల్ల. పురుడు వల్ల కాదు."

ఇద్దరూ పాత లెక్కల్లోకి దిగిపోయారు. ఫిట్టర్ చేతులు కట్టుకుని, కోర్టులో తీర్పు వింటున్నవాడిలా ఒకసారి ఈవిడ మొహం, ఒకసారి ఆవిడ మొహం చూస్తున్నాడు. తీర్పు రాలేదు. బయటికి వచ్చాక "ఎవులు సెప్పింది నిజవంతావన్నియ్యా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను.

సంగతంతా విన్న అతని భార్య మర్నాడు పొద్దున్నే పిల్లను మా ఆవిడ ఒళ్లో పెట్టింది. పెరట్లో రాతి మీద మొగుణ్ని కూర్చోబెట్టింది. గంగాళంలో వేడినీళ్లు తెచ్చి పసుపు కలిపింది.

"మంత్రాలేటైనా సదవాలేటి బావగారూ?" అని నన్నడిగింది.

"నాకు రావమ్మా."

"నాకూ రావు. కళ్లు మూసుకోండి" అని మొగుడికి చెప్పి చెంబుతో పోయడం మొదలుపెట్టింది. నీళ్లన్నీ అయిపోయేదాకా పోసింది. పాతబట్టలు మూట కట్టి గోడవతల పెట్టి, "తీరిపోనాది. లెగండి" అంది.

అతను అన్నం తిని పడుకున్నాడు. ఆ పగలంతా నిద్రపోయాడు. నాకు కలిగిన సంతోషం చెప్పలేను. 'ఇదంతా పురుడు వల్ల' అని డైరీలో రాసింది ఆ రోజే.

వారం తిరగలేదు. అతను నా దగ్గరకు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కళ్లు మళ్లీ లోతుకు పోయాయి.

"పురుడు తీరిపోనాది కదన్నియ్యా?"

"తీరిపోయింది."

"మరిదేటి?"

నేను రాసినదాన్ని కొట్టేశాను. ఇంకేం రాయాలో తెలియలేదు. ఇన్నాళ్లూ తన అవస్థకు ఒక పేరైనా ఉందనుకున్నాడు. నీళ్లు పోయించి ఆ పేరు కూడా లేకుండా చేశాం. ఫోర్‌మన్‌ని బతిమాలి అతన్ని ఫర్నేసు నుంచి తప్పించి, కొన్నాళ్లు వర్క్‌షాపులో బల్ల దగ్గరి పని ఇప్పించాను. డాక్టరమ్మ రాయగడకు తిరిగి వచ్చిందని తెలియగానే ముగ్గురం, పిల్లతో నలుగురం, బండెక్కాం. వెళ్దామన్నది అతనే. చీటీ రాస్తుందేమో అంటే, రాస్తే రాయనీ అన్నాడు. అతని భార్య మాత్రం దారంతా పిల్లను గట్టిగా పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

డాక్ బంగళా గదిలో డాక్టరమ్మ ఈసారి హిందీ వద్దంది. అతన్ని తెలుగులో చెప్పమని, నన్ను ఒరియాలోకి మార్చమని చెప్పింది.

అతను మొదలుపెట్టాడు. "మా అయ్య ఎప్పుడూ ఇన్నేదు. మా అన్నా ఇన్నేదు. ఆలకి కార్డొచ్చింది. నాను వరండాలో ఉన్నాను. దాని కేక ఇన్నాను. ఇప్పుడు పిల్ల ఏడిస్తే ఆ కేకే ఇనబడతాది. ఏడవకపోతే బతికుందో నేదో అని సూత్తాను."

అతని భార్య తలెత్తి చూసింది. "నానంతలా అరిసేనేటి?" అంది. "నాకు గురుతే నేదు."

"అరిసేవు."

"నిజంగా నాకు గురుతునేదు" అని ఆ పిల్ల మా ముగ్గురినీ చూసింది. అబద్ధం చెబుతున్నట్టు లేదు.

నేను ఇద్దరి మాటలూ ఒరియాలో చెప్పాను. చెబుతుంటే నాకే వింతగా ఉంది. నొప్పి పడ్డ మనిషికి అది గుర్తు లేదు, విన్న మనిషి మరిచిపోలేకపోతున్నాడు. డాక్టరమ్మ కలం పట్టుకుని కాగితం వైపు చూసింది. "ఈ నొప్పి ఎవరి పేరు కింద రాయాలి?" అని నన్నే అడిగింది. ఆవిడకు తెలియకనే అడిగిందని మొహం చూస్తే తెలిసింది.

తర్వాత అతనికి మాత్రలు రాసింది. తను ఇక్కడ ఉన్నన్నాళ్లూ వారానికోసారి వచ్చి కనిపించాలంది.

"చీటీ?" అంది అతని భార్య, మర్యాద గిర్యాద లేకుండా.

"వచ్చిన వారం చీటీ ఉండదు. రాని వారం రాస్తాను. అలా చెప్పండి."

అలాగే చెప్పాను.

అతను ఒక్క వారం కూడా మానలేదు. మొదట్లో నేనూ వెళ్లేవాణ్ని. మాత్రల వల్ల తేరుకున్నాడో, ఫర్నేసు తప్పించడం వల్లనో, పిల్ల మెడ నిలబెట్టి నవ్వడం వల్లనో నేను చెప్పలేను. పసుపు నీళ్లవల్లేనని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. పోయాక తగ్గలేదు కదా అంటే, మొదటిరోజు పడుకున్నాడు కదా అంటుంది. ఈ విషయంలో నా బుర్ర అప్పుడెంత తికమకగా ఉందో ఇప్పుడూ అంతే.

చలి ముదిరాక ఉద్యోగం ఖాయమైనట్టు కాగితం వచ్చింది. అది డాక్టరమ్మకు చూపిస్తానని జేబులో పెట్టుకుని బయల్దేరాడు. ఆ వారం నేనూ వెంట వెళ్లాను. బంగళా వరండాలో అప్పటికే ఆడవాళ్లు బారుగా కూర్చుని ఉన్నారు. రాయగడ షావుకార్ల ఇళ్ల కోడళ్లు ఇద్దరు ముగ్గురు, ఊళ్ల నుంచి నడిచి వచ్చినవాళ్లు ఇంకొందరు. ఎక్కువమంది కడుపుతో ఉన్నారు. ఇన్ని వారాల్లో అతను వాళ్లకు అలవాటైపోయినట్టున్నాడు, ఎవరూ కొంగు సర్దుకోలేదు.

వాళ్లలో నెలలు నిండిన ఒకామె అతన్ని ఎగాదిగా చూసి, "నీకెన్నో నెల బాబూ?" అంది. పక్కవాళ్లు కిసుక్కుమన్నారు.

అతను నవ్వకుండా ఆలోచించి, "నాలుగెల్లి అయిదొచ్చిందమ్మా" అన్నాడు.

"నిద్దర పడతందా?"

"పడతంది. నడమ నడమ లెగుత్తన్నాను."

"అందరికీ అంతే" అని ఆమె తన పక్కన బల్ల మీదున్న సంచీ తీసి ఒళ్లో పెట్టుకుని, అతనికి చోటిచ్చింది.